నీళ్ల తొట్టి అభ్యర్థి

ముందుగా పాఠకులకు, ఉమ్మడి పాలమూరు జిల్లా ప్రజానీకానికి, వీలైతే యావత్ భారత ఎన్నికల వ్యవస్థకు నా సాష్టాంగ క్షమాపణలు. మా మేనమామ గురించి రాయడానికి నాకంటే అర్హులు మా ఊళ్లో వీధికొకరు ఉన్నారు. వాళ్లందరినీ పక్కకు నెట్టి నేను కలం పట్టాను. ఎందుకంటే ఆయన రాజకీయ జీవితానికి వ్యూహకర్త, ప్రసంగ రచయిత, ప్రచార సారథి అన్నీ ఈ అల్లుడే. అందువల్ల ఆయన ఓటములన్నిటికీ బాధ్యత కూడా నాదే. చరిత్ర ఏ శిక్ష వేసినా తలవంచి స్వీకరిస్తాను. అయితే చివరిదాకా చదివి వేయమని మనవి.

కబురు అత్త ఫోన్‌లో చెప్పింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో, గ్రూప్స్ కోచింగ్ అనే దీర్ఘకాలిక వృత్తిలో ఉన్నాను.

"అల్లుడా, మీ మామ లేడురా" అంది. "రాత్రి టీవీ చూస్కుంటనే పండుకున్నడు. పొద్దుగాల ఛాయ్ ఇద్దమని లేపితే లేవలే. టీవీ ఇంక నడుస్తనే ఉండె." ముక్కు చీదుకుని, "ఢిల్లీ ముచ్చట్లే" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఈ రెంటినీ కలిపి తెప్పించడం మామకు బతికినన్నాళ్లూ ఉన్న అలవాటు. పోయేటప్పుడు కూడా మానలేదు.

నేను ఊరు చేరేసరికి వాకిట్లో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. అధికార పార్టీ మండల నాయకుడు ఒక కండువా తెచ్చాడు. మాజీ అధికార పార్టీ నాయకుడు ఇంకోటి తెచ్చాడు. ఢిల్లీ పార్టీ నాయకుడు తెచ్చింది అన్నిటికంటే కొత్తగా, ఇస్త్రీ మడతలతో ఉంది. ప్రతివాడూ "కాక మావోడే" అంటున్నాడు. అబద్ధం కాదు. మామ ఏ పార్టీ కండువానూ వద్దన్న పాపాన పోలేదు. ఎవరు మెడలో వేసినా వేయించుకుని, ఇంటికి తెచ్చి, చలికాలంలో పుట్టిన గొర్రెపిల్లలకు చుట్టేవాడు. మా మామ దొడ్లో పుట్టిన పిల్లలు కాళ్ల మీద నిలబడకముందే ఏదో ఒక పార్టీలో చేరిపోయేవి. మర్నాడు కండువాలు మార్చుకునేవి కూడా. చూసినవాళ్లు నవ్వితే, "మనుషుల కంటె నయమే, పాలు తాగెటప్పుడు కొట్లాడుతలెవ్వు" అనేవాడు.

ముగ్గురు నాయకులూ కండువాలు పట్టుకుని ఒకరినొకరు చూసుకుంటుంటే అత్త లేచింది.

"ఒకటి కప్పితె ఇంకోలు అలుగుతరు. మూడు కప్పితె ఆయనకు ఉబ్బరిస్తది. గొంగడి కప్పుండ్రి."

నల్ల గొంగడి కప్పారు. కండువాలు దొడ్లోకి పంపింది. చలికాలమే కదా, ఆ రాత్రే పనికొచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరు కల్వకుర్తి దాటి అచ్చంపేట దిక్కు పోయే దారిలో, శ్రీశైలం రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. మందలున్న వాడ రోడ్డుకు ఇవతల. చెరువు అవతల. మధ్యలో హైదరాబాద్ నుంచి మల్లన్న దగ్గరికి, మల్లన్న దగ్గర్నుంచి హైదరాబాద్‌కు పరుగెత్తే లారీలు, బస్సులు, కార్లు. గొర్రెలకు దప్పికైతే రోడ్డు దాటాలి. దాటేటప్పుడు మామ రోడ్డు మధ్యలో నిలబడి గొంగడి రెండు చేతులా పైకెత్తేవాడు. దూరం నుంచి చూస్తే పెద్ద గద్ద రెక్కలు విప్పి నిలబడ్డట్టు ఉండేది. చాలా బండ్లు ఆగేవి. ఒక పొద్దున మంచులో ఒక లారీ ఆగలేదు. మందకు ముందు నడిచే పొట్టేలు పోయింది. దాని వెనకే నడవడం తప్ప ఇంకోటి తెలియని గొర్రెలు కొన్ని పోయాయి. మామ భుజం కీలు జారింది కాని బతికాడు.

ఆ రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని అన్నాడు: "రోడ్డుకు ఇవతల ఒక్క నీళ్ల తొట్టి ఉంటె అయిపాయె. బోరు ఉన్నది. తొట్టే లేదు. గంతే గదా!"

గంతే. మామ రాజకీయ సిద్ధాంతం, మేనిఫెస్టో, జీవితాశయం అన్నీ కలిపి ఒక సిమెంటు తొట్టి. దానికోసమే ఎన్నికల్లో దిగాడు. అది గెలిస్తే అయ్యే పని అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. నాది రాజనీతిశాస్త్రం కాబట్టి ఇంకా గట్టిగా అనుకున్నాను.

రాష్ట్రం వచ్చాక జరిగిన మొదటి సర్పంచి ఎన్నికలో మామ నామినేషన్ వేశాడు. సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. అభ్యర్థుల పేర్లు అక్షరక్రమంలో పెట్టి, జాబితాలో ఉన్న గుర్తులు వరసగా ఇచ్చుకుంటూ పోతారు. జాబితాలో బకెట్ ఉంది. మామ దాని మీద ఆశ పెట్టుకున్నాడు. నీళ్ల తొట్టి అభ్యర్థికి బకెట్ గుర్తు వస్తే ఇంకేం కావాలి! బకెట్ ఎవరికో పోయింది. మామకు టీ జల్లెడ వచ్చింది.

హోటల్ దగ్గర మా ఊరివాళ్లు ఊరుకుంటారా?

"కాకా, నీళ్లు తెస్తనంటివి. జల్లెడల తెస్తవా?"

"తెస్తరా" అన్నాడు మామ. "నీళ్లు కిందికి పోతయి. నీ అసొంటి చెత్త మీద మిగులుతది. గందుకే ఇచ్చిండ్రు."

ప్రచారం బ్రహ్మాండంగా సాగింది. ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంట్లో ఛాయ్ తాగి, వాళ్ల జల్లెడనే చేతిలోకి తీసుకుని చూపించి వచ్చేవాడు. ఖర్చు లేని ప్రచారం. అందరూ మంచోడన్నారు. ఓట్లు మాత్రం వేరే వాళ్లకు వేశారు. ఎందుకని అడిగితే మా పక్కింటాయన దాచుకోకుండా చెప్పాడు.

"నువ్వు మంచోనివే అన్నా. నిన్ను కాదంటె కండ్లు పోతయి. కని హైదరాబాద్ల ఏ పార్టీ ఉన్నదో ఊర్ల గూడ వాళ్లే ఉంటె నాలుగు పైసలొస్తయి. నిన్ను గెలిపిస్తె నువ్వు ఎవల దగ్గరికి పోతవు, ఎవలు తలుపు తీస్తరు?"

గుర్తుల్లో పార్టీ లేకపోయినా గుండెల్లో ఉంటుందని మాకు అప్పుడు తెలిసింది. నా పుస్తకాల్లో దీనికి ఒక పెద్ద పేరుంది. మామ దాన్ని ఇలా చెప్పేవాడు: "పైన ట్యాంకుల నీళ్లుంటేనె కింద నల్ల తిప్పుతరు."

ఆ ఎండాకాలమే ఎంపీటీసీ ఎన్నికలు వచ్చాయి. పార్లమెంటు ఓట్లు వేసి, వేలి మీద సిరా ఆరకముందే మళ్లీ ఓట్లు. మామ మళ్లీ నిలబడ్డాడు, స్వతంత్రంగా. ఈసారి హైదరాబాద్ లెక్క కాదు, ఢిల్లీ లెక్క నడుస్తోంది. మా హోటల్లో గతంలో ఎరువుల గురించి మాట్లాడుకునేవాళ్లు దేశ సరిహద్దుల గురించి మాట్లాడుతున్నారు. మిర్చి బజ్జీలు తింటూ యుద్ధాలు చేసి గెలుస్తున్నారు. మా ఇంటి వెనక మురుగు మోరీ పొంగుతున్నా దాని గురించి అడగడం దేశద్రోహంలా ఉంది.

మామ నన్ను పిలిపించాడు.

"అల్లుడా, తొట్టి గురించి చెప్తె ఎవ్వలు ఇంటలేరు. నాకు గూడ ఢిల్లీ గురించి ఏమన్న రాసియ్యి."

రాసిచ్చాను. నా జీవితంలో నేను రాసిన గొప్ప ప్రసంగం అది. "అంతర్జాతీయ యవనికపై భారతదేశం వెలుగులీనుతున్న ఈ శుభతరుణంలో" అని మొదలవుతుంది. మామ కూడబలుక్కుని చదివాడు.

"యవనిక అంటె ఏందిర?"

"తెర మామా."

"ఏం తెర? దోమతెరనా?"

పంచాయతీ ఆఫీసు ముందు మైకు పెట్టాం. జనం బాగానే వచ్చారు. మామ కాగితం విప్పి, మైకు ఊది, నా వైపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా అల్లుడు దేశం గురించి రాసిచ్చిండు. నేను చదివిన. దేశం మంచిగనె ఉన్నది, దానికేం ఫికర్ లేదు. మన పెద్దలు ఎన్నో దేశాలు తిరిగొస్తున్నరు. నేను ఒక్కటే అడుగుత. ఏ దేశంలనన్న గొర్లు లారీల నడుమ నీళ్లకు పోతున్నయా? పోతె చెప్పుండ్రి, నేను ఇంటికి పోత."

జనం విరగబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈల కూడా వేశాడు. వెళ్లి ఢిల్లీ పేరు చెప్పుకున్న అభ్యర్థికి ఓట్లు గుద్దారు. ఆ అభ్యర్థి మా ఊరికి ఒక్కసారైనా వచ్చినట్టు నాకు గుర్తు లేదు. ఆయన ఫోటో వచ్చింది, ఢిల్లీ పెద్దల ఫోటోల కింద, తపాలా బిళ్లంత. అది చాలింది.

ఈల వేసినాయన మర్నాడు మామకు ఎదురుపడి నిజాయితీగా ఒప్పుకున్నాడు. "ఏమనుకోకు కాకా. లోపలికి పొయినంక నువ్వు యాదికి రాలే. దేశం యాదికొచ్చింది."

"దేశం యాదికి రావుడు మంచిదే" అన్నాడు మామ. "మరి దేశంల మనూరు ఉన్నదన్న సంగతి యాదికొచ్చిందా?"

ఆ సాయంత్రం గాలిదుమారం లేచింది. మామా నేనూ మంద దగ్గర ఉన్నాం. గొర్రెలన్నీ గాలికి వెన్ను తిప్పి, తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి నిలబడ్డాయి. మామ వాటిని చూపించి అన్నాడు: "చూసినవా? గాలొస్తె గొర్రె వెన్ను తిప్పుతది. మనిషి నోరు తెరుస్తడు. దుమ్ము ఎవలి నోట్ల పడుతది మరి?"

ఓడిపోయిన మనిషి చెప్పిన మాటలా లేదది. అసలు మామ ఓటమిని పెద్ద రోగంగా ఎప్పుడూ చూడలేదు. నేను గ్రూప్స్ ప్రిలిమ్స్ తప్పి గది తలుపేసుకున్నప్పుడు ఫోన్ చేసి, "తిన్నవా?" అని అడిగాడు. తినలేదన్నాను. "నేను రెండుసార్లు ఓడిన. ఒక్క పూట గూడ అన్నం ఇడువలే. నీకంటె పెద్ద పరీక్ష అది, ఊరంత కలిసి దిద్దిండ్రు. పొయి తిను" అన్నాడు. వెళ్లి తిన్నాను. ఆ తర్వాత చాలా పరీక్షలు తప్పాను, ఒక్క పూటా మానలేదు.

సంవత్సరాలు గడిచాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వం మారింది. మళ్లీ పార్లమెంటు ఎన్నికలు దగ్గరికొచ్చాయి. సర్పంచుల గడువు అయిపోయి ఊళ్లో పదవిలో ఎవరూ లేరు. ఊరి నాయకులంతా ఢిల్లీ వైపు చూస్తున్నారు. దానికి కారణముంది. పార్లమెంటు ఎన్నికలో ఎవరి బూత్‌లో వాళ్ల పార్టీకి మెజారిటీ వస్తే, తర్వాత ఊరి ఎన్నికల్లో వాళ్లకే అవకాశం. అంటే ఢిల్లీ పీఠం మీద ఎవరు కూర్చుంటారన్నది ఎట్లా ఉన్నా, మా ఊరి అరుగు మీద ఎవరు కూర్చుంటారన్నది ఆ ఓట్లే తేలుస్తాయి.

మామ ఈసారి నిలబడలేదు. నిలబడకుండానే గెలిచే ఉపాయం ఆయనకు గొర్రెలే చెప్పాయి.

ఎండలు ముదిరితే మా వాడ మందలు ఊరు విడిచి, అచ్చంపేట దాటి, నల్లమల అంచులకో కృష్ణ ఒడ్డుకో మేతకు పోతాయి. తొలకరికి తిరిగొస్తాయి. మందతో మనుషులు పోతారు. మనుషులతో ఓట్లు పోతాయి. ఇది తాతల నాటి నుంచి ఉన్నదే. ఎవరూ దాన్ని రాజకీయంగా చూడలేదు. నాయకులు ఓట్ల కోసం వాడకొచ్చి మంచాల మీద కూర్చున్న రోజు మామ మెల్లగా అన్నాడు:

"ఓటు ఏస్తం సారూ, ఎందుకెయ్యం! కని మేం అప్పటికి ఈడ ఉండం గదా. ఈసారి కోసిన చేన్లల్ల మేతకు కొదువ లేదు. నీళ్లే లెవ్వు. చెర్వుకు పోదమంటె రోడ్డు. ఇవతల తొట్టి ఉంటె ఊర్లనె ఉంటుంటిమి. లేకపాయె. పోతం. ఏమనుకోకుండ్రి."

చెప్పి, వాళ్ల ముందే తాళ్లు, సద్దిమూటలు సర్దడం మొదలుపెట్టాడు. వాడంతా సర్దడం మొదలుపెట్టింది. అత్త అయితే మంచం మీద కూర్చున్న నాయకుణ్ని లేపి, "జర లేస్తవా సారూ, మంచం లోపలేసి తాళమెయ్యాలె" అంది. అంత అవసరం లేదు. కాని అందం కోసం చేసింది.

ఇన్నేళ్లు కదలని తొట్టి ఆ వారమే కదిలింది. అధికార పార్టీ నాయకుడు మంజూరు నేనే చేయించానన్నాడు. మాజీ అధికార పార్టీ నాయకుడు ఆ కాగితం మా ప్రభుత్వంలోనే పుట్టిందన్నాడు. ఢిల్లీ పార్టీ నాయకుడు ఉపాధి హామీ నిధులు ఢిల్లీవే కదా అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఇటుకలు మాత్రం మా వాడవాళ్లే మోశారు.

ప్రారంభోత్సవం రోజు బోరు మోటారు ఆన్ చేసి తొట్టి నింపారు. చుట్టూ రిబ్బన్ కట్టారు. పళ్లెంలో కత్తెర పెట్టారు. కత్తెర ఒకటి, నాయకులు ముగ్గురు. మామ ముందుచూపుతో ఒక గొర్రెపిల్లకు మూడు కండువాలూ కట్టి, ఎవరూ అలగకుండా, నా చేతికిచ్చి నిలబెట్టాడు. వెనక మంద ఎండలో నాలుకలు బయటపెట్టి నిలబడింది. నీళ్ల వాసన వాటికి ఎప్పుడో తగిలింది.

కత్తెర ఎవరు పట్టుకోవాలన్న చర్చ మొదలైంది. ప్రోటోకాల్ అన్నారు. సీనియారిటీ అన్నారు. ఫ్లెక్సీలో ఎవరి ఫోటో పెద్దదన్నారు. ఇంతలో మా పంచాయతీ కార్యదర్శి, నా ఈడు అమ్మాయి, ఫోన్ చూసుకుంటూ ముందుకొచ్చింది.

"సార్, ఇంక కొద్దిసేపట్ల ఢిల్లీల ప్రెస్ మీట్ ఉంది. ఎలక్షన్ తేదీలు చెప్తరంట. తేదీలు చెప్పినంక కోడ్ వస్తది. కోడ్ వచ్చినంక మీరు రిబ్బన్ కట్ చేస్తే నా నౌకరి పోతది."

"మరి తొట్టి?" అన్నాడు మామ.

"అప్పటికే వాడకంల ఉన్నదైతే ఫికర్ లేదు కాకా. ప్రారంభం కాకుంటె మాత్రం ఓట్లన్ని అయ్యేదాక ఆపాలె."

నాయకులు ఇంకా గట్టిగా అరుచుకోవడం మొదలుపెట్టారు. హోటల్లో టీవీ చూస్తున్నవాళ్లెవరో కేక వేశారు, "సారు వచ్చి కుర్సీల కూసున్నడు!" ఢిల్లీలో ఎవరో కుర్చీలో కూర్చున్నందుకు మా ఊళ్లో మామ మొహం వాడిపోవడం నేను చూశాను. రెండుసార్లు ఓడినప్పుడు కూడా చూడని మొహమది. ఎండాకాలమంతా మళ్లీ రోడ్డు. మళ్లీ గొంగడి.

అప్పుడు నా చేతిలోంచి గొర్రెపిల్ల జారింది. రిబ్బన్ కింద నుంచి దూరి, తొట్టి అంచు మీద ముందుకాళ్లు వేసి, మూతి నీళ్లలో పెట్టింది. తల్లి గొర్రె అరుచుకుంటూ దాని వెంట ఉరికింది. తల్లి వెంట మంద ఉరికింది. రిబ్బన్ ఎక్కడ తెగిందో కూడా ఎవరూ చూడలేదు. కత్తెర కోసం చాచిన చేతులు మూడూ గాల్లోనే ఉన్నాయి.

"గొర్రెకు కోడ్ ఉంటదా బిడ్డా?" అని మామ కార్యదర్శిని అడిగాడు.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఫోటో తీసింది. "వాడకంల ఉంది కాకా" అంది. ఆ మాట అన్నాకే ఢిల్లీలో సారు మాట్లాడటం మొదలుపెట్టాడు.

మందలు ఆ ఎండాకాలం ఊళ్లోనే ఉన్నాయి. వాడంతా ఓటు వేసింది. ఎవరికి వేశారో ముగ్గురు నాయకులూ ఇప్పటికీ లెక్కలు కడుతున్నారు. నేనూ అడిగాను.

"ఓటు రహస్యంరా" అన్నాడు మామ. "మీ అత్తకు నేను చెప్పలే. నాకు మీ అత్త చెప్పలే. గందుకే సంసారం నడిచింది."

మొన్న పంచాయతీ ఎన్నికల్లో కూడా మా ఊళ్లో గాలి హైదరాబాద్ నుంచి కొంత, ఢిల్లీ నుంచి కొంత వీచింది. మామ గొంగడి కప్పుకుని, తొట్టి అంచు మీద కూర్చుని, గెలిచినవాళ్లనూ ఓడినవాళ్లనూ ఒకేలా పిలిచి ఛాయ్ పోయించాడు. జల్లెడతో వడగట్టి. ఆ తర్వాత ఎన్నో రోజులు లేడు.

ఇక మొదట చెప్పిన నేరాల విషయం. వ్యూహం నాది కాదు, గొర్రెలది. ప్రసంగం జేబులోంచి బయటికి రాలేదు. ప్రచారంలో నేను చేసింది ఇంటింటా ఛాయ్ తాగడమే. ఆయన రాజకీయ జీవితం మొత్తంలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. ఆ రోజు గొర్రెపిల్ల జారిందని రాశాను కదా, జారలేదు. మామ నా వైపు చూశాడు. నేను చెయ్యి వదిలాను.

అది తాగుతూనే ఉంది. మూడు కండువాల కొసలు నీళ్లలో నాని, రంగులు కొంచెం కొంచెం దిగి, తొట్టిలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.